బొడ్డు మీద వాషర్

"ఆ తువ్వాలు కాదు, పాతది తీసుకో," అన్నారు అత్తగారు. అప్పుడు మా కుక్కపిల్ల గింజ నా చేతుల్లో రెండోసారి వాంతి చేసుకుంటోంది. పాతది ఇంకా తడిగా ఉందత్తయ్యా అన్నాను. "తడైతే ఏం? కుక్కకి తడీ పొడీ తేడా తెలుస్తుందా? నీలం అంచువి జతగా కొన్నాం. ఒకటి పోతే రెండోది దేనికీ పనికిరాదు." సగం మొహం సబ్బు నురగతో ఆయన తలుపు దాకా వచ్చి, పొద్దున్నే తువ్వాలు కోసం మహాభారతమా అని ఇద్దరినీ కలిపి మందలించి వెళ్ళారు. ఆయన దృష్టిలో ఎప్పుడూ ఇద్దరిదీ తప్పే. అలా అంటే న్యాయంగా ఉన్నట్టు కనిపిస్తుంది, ఎవరి పక్షమూ పట్టాల్సిన పని ఉండదు, నురగ ఆరకముందే మళ్ళీ అద్దం ముందుకి పోవచ్చు. నేను కొత్తదే తీసుకున్నాను. ఇప్పుడది పశువుల ఆసుపత్రిలో నా ఒళ్ళో ఉంది, ఒక మూల తడిసి, పుల్లటి వాసనతో. గింజ మాత్రం లేదు. గింజ ఆ తెల్ల తలుపు వెనకాల బల్ల మీద వెల్లకిలా ఉంటుంది, నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకి కట్టేసి ఉంటాయి, పొట్ట మీద వెంట్రుకలు గొరిగేసి ఉంటారు. రెండు కిలోల మూడు వందల గ్రాములు. తూకం వేసినప్పుడు ముల్లు కదిలిందో లేదో అని డాక్టరు కళ్ళద్దాలు సర్దుకొని వంగి చూసింది. మా వంటింట్లో పంచదార డబ్బా అంతకంటే బరువు. అంత ప్రాణికి అంత మత్తు, అంత కత్తి.

గంట పడుతుందంది డాక్టరు. గోడ గడియారంలో పదకొండూ అయిదు. ఒకదానికొకటి బిగించేసిన కుర్చీలు, ఎవరు కదిలినా అందరూ కదలాలి. నా పక్కన రెండు కుర్చీల అవతల ఒకావిడ బుట్టలో పిల్లిని పెట్టుకొని దానితో గుసగుసలాడుతోంది, నాన్నకి చెబుదామా, నాన్నని కొడదామా అని. పిల్లికి నాన్నెవరో. ఇంకో సమయంలో అయితే నవ్వుకునేదాన్ని. ఎదురుగా గోడ మీద కుక్క లోపలి అవయవాల బొమ్మ, కాలేయం ముదురు ఎరుపు, పేగులు గులాబీ రంగు, ఒక మూల అంటు ఊడి బొమ్మ చుట్టుకుపోతోంది. పేగులు నిజంగా అంత అందంగా ఉండవు. నేను డిగ్రీలో జంతుశాస్త్రం చదివాను. ఆ సంగతి మా ఇంట్లో ఒక్క సందర్భంలోనే గుర్తొస్తుంది, చేప కొన్నప్పుడు. "మా కోడలు జువాలజీ, తాజాదో కాదో మొప్పలు చూసి చెప్తుంది," అంటారు అత్తగారు ఇరుగుపొరుగుతో. మూడేళ్ళు చదివిన చదువుకి మొప్పల దగ్గర ఉద్యోగం. మొప్పలు దాటి ఒక్క అంగుళం అటు పోయినా నా చదువు చెల్లదు. బొడ్డు దాకా అయితే అసలే పోకూడదు.

సంతకం పెట్టేటప్పుడు డాక్టరు కాగితం మీద రెండు గీతలు చూపించింది. మొదటిది బొడ్డు ఆపరేషనుకి, పేగు పాడైతే కోసి కలపడానికీ, అందులో ప్రాణం పోయే అవకాశం ఉందని నాకు తెలుసనీ. పెట్టాను. రెండోది ఖాళీ. "ఎలాగూ మత్తు ఇస్తున్నాం. లోపల అంతా బాగుండి, అది తట్టుకుంటే, గర్భసంచి కూడా తీసేయమంటారా? ఈ బొడ్డు గుణం తల్లి నుంచి పిల్లలకి వస్తుందమ్మా. ఇలాంటి దానికి పిల్లల్ని కననివ్వకూడదు," అంది. ఎంత మామూలుగా అడిగింది. నా నోట్లోంచి అంతే మామూలుగా వచ్చింది, ఇంట్లో ఒకమాట అడిగి చెప్తానండీ అని. ఆవిడ ఒక క్షణం నన్ను చూసింది. వయసులో నాకంటే చిన్నదే. ఆ చూపు నాకు తెలుసు, నేను వేరేవాళ్ళని చూసే చూపే అది. నలభై రెండేళ్ళ మనిషి, రెండు కిలోల కుక్క పొట్ట గురించి ఇంట్లో అడిగి చెప్తుందట. ఇంట్లో అంటే ఎవరు? గోడలా? గోడలైనా నయం, వినిపించుకుంటాయి.

ఇంట్లో అంటే వదిన. ఆయనకి అక్క, వేరే వీధిలో ఉన్నా మా ఇంట్లోనే ఉన్నట్టు. వదిన కుక్కల్ని పెంచదు, వంశాన్ని పెంచుతుంది. తల్లి కుక్క పేరు మహారాణి. దాన్ని జిప్పున్న సంచిలో వేసుకొని పేరంటానికి వచ్చినట్టు అందరిళ్ళకీ తిరుగుతుంది, సంచిలోంచి కళ్ళు మాత్రం బయటికి, ఎప్పుడు చూసినా ఇప్పుడే ఏడుపాపినట్టు. పొట్ట వేలాడుతూ. ఆ వేలాడే పొట్ట గురించి మాట్లాడకూడదు, వంశం గురించి మాట్లాడాలి. తాతకి కప్పు వచ్చింది, మేనమామకి పతకం వచ్చింది. మనుషుల పెళ్ళి సంబంధాలకి కూడా వదిన ఇంత దూరం వెనక్కి వెళ్ళలేదు. తన పెళ్ళిలో వెళ్ళి ఉంటే బాగుండేది. పోయిన ఈతలో నాలుగు పిల్లలు పుట్టాయి, నాలుగింటికీ బొడ్డు దగ్గర ఉబ్బు. మూడు ఎవరెవరికో పోయాయి. మిగిలినదాన్ని, అన్నిటికంటే చిన్నదాన్ని, రెండు నెలల వయసులో తెచ్చి నా చేతిలో పెట్టి, "ఊరికే ఇస్తున్నా. ఒక్కటే షరతు, మొదటి ఈత నాది," అంది. నేను పిల్లని తిప్పి చూశాను. చదువు ఎక్కడికి పోతుంది, ముందు తిప్పే చూస్తాను. బొడ్డు దగ్గర బఠాణీ అంత మెత్తటి ఉబ్బు, వేలితో నొక్కితే లోపలికి పోయింది, వేలు తీస్తే వచ్చింది. ఇది హెర్నియా కదా వదినా అన్నాను. "తల్లి బొడ్డుతాడు గట్టిగా కొరికింది, అంతే," అంది. మరి నాలుగింటికీ ఉందిగా అన్నాను. "మా లైనులో అన్నిటికీ ఉంటుంది. అది చూసే మా పిల్ల అని గుర్తుపట్టొచ్చు," అంది. ఒకే ఊపిరిలో. కొరికితే వచ్చింది, వంశంలోనూ ఉంది. ఆ రెండిట్లో ఏదో ఒకటే నిజం కావాలన్న ఇబ్బంది వదినకి లేదు. రోగాన్ని ముద్రలా కొట్టి అమ్ముకునే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. అయినా నవ్వి, కాఫీ పెట్టి ఇచ్చాను. పంచదార ఎక్కువ వేసి ఇచ్చాను కూడా, వదినకి అలాగే ఇష్టమని.

బఠాణీ అంత ఉంటే భయం లేదు, అది కూడా నాకు తెలుసు. పుట్టాక బొడ్డు దగ్గర కండలో ఉండే కన్నం మూసుకోవాలి, కొన్నిటికి ఆలస్యమవుతుంది, లోపలి కొవ్వు కొంచెం చర్మం కిందికి తొంగి చూస్తుంది. చిన్నదైతే ఆరు నెలలు వచ్చేలోపు దానంతటదే మూసుకోవచ్చు. రోజూ చూసుకోవాలి, అంతే. మెత్తగా ఉందా, నొక్కితే పోతోందా, పెరుగుతోందా. నేను రోజూ చూశాను. పొద్దున్న పాలు కాగేలోపు గింజని ఒళ్ళో వెల్లకిలా వేసుకుంటే నాలిక ఓ పక్కకి వేలాడేసి, ఇంతకంటే సుఖం లేదన్నట్టు పడుకునేది. మూడో నెలకి బఠాణీ, నాలుగో నెలకి శనగగింజ, అయిదో నెలకి గోళీ. పెరుగుతోందండీ, డాక్టరుకి చూపిద్దాం అన్నాను. అప్పుడు ఆయన తినడం ఆపి, చెయ్యి కడుక్కొని వచ్చి, గింజ పొట్ట మీద బొటనవేలు పెట్టి నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కి, కళ్ళు మూసుకొని ఆలోచించారు. నీటి సరఫరా శాఖలో ఇరవై ఏళ్ళుగా పంపుల మరమ్మతు చూస్తున్న మనిషి. కళ్ళు తెరిచి, "ఇది లీకు," అన్నారు.

లీకు ఎక్కడైనా లీకేనట. గొట్టమైతే ఏంటి, పొట్టైతే ఏంటి. లోపల ఒత్తిడి ఉంది, జాయింటు వదులైంది, బయటి నుంచి వాషర్ వేసి బిగిస్తే కూర్చుంటుంది. మర్నాడు ఆఫీసు నుంచి నల్ల రబ్బరు వాషర్ తెచ్చారు, రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్దది, మధ్యలో కన్నం. కన్నమెందుకండీ అంటే చర్మానికి గాలి ఆడాలి కదా అన్నారు, నాకు శాస్త్రం తెలియదన్న జాలితో. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అన్న మాట ఇలాంటి వాళ్ళని చూసే పుట్టి ఉంటుంది, కాకపోతే ఈయన నాలుగో కాలు లీకై పోయిందని కూడా నిరూపించగలరు. అత్తగారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ఆయన బొడ్డు మా ఇంట్లో ఒక శాస్త్రగ్రంథం, అది తెరిచే సమయం వచ్చింది. "నీ మొగుడికీ పుట్టినప్పుడు ఇలాగే నిమ్మకాయంత ఉండేది. గుడ్డ మడత పెట్టి కట్టాను. ఏడాది తిరిగేసరికి మాయం." కట్టకపోయినా పోయేదేమో అత్తయ్యా అన్నాను. "కట్టాను కాబట్టి పోయింది," అన్నారు ఆవిడ. ప్రపంచంలో బొడ్లన్నిటికీ ఒకే ఒక్క బొడ్డు సాక్ష్యం, ఆ బొడ్డు గల మనిషే న్యాయమూర్తి, ఆయన తల్లే వైద్యురాలు. ఇక నేనెవరిని, మొప్పల గుమాస్తాని.

అయినా ఇంతసేపూ వాళ్ళని చీల్చి చెండాడుతూ ఒక సంగతి దాటేస్తున్నాను. గింజ గిలగిల్లాడుతుంటే దాని కాళ్ళు పట్టుకున్నది నేను. ఆయన వాషర్ పెట్టి ప్లాస్టరు చుట్టుతుంటే, ప్లాస్టరు రెండో చివర నా వేళ్ళ మధ్య ఉంది. సరిగ్గా పట్టుకో, ముడత పడుతోంది అంటే సరిచేశాను కూడా. నాకు ఏ పనైనా శుభ్రంగా చేయడం అలవాటు. తప్పు పని కూడా ముడత లేకుండా చేస్తాను. వారానికోసారి ప్లాస్టరు మార్చేటప్పుడు ఒక్క నిమిషం చూడటం, వాషర్ చుట్టూ గుండ్రటి ఎర్ర గుర్తు, మధ్యలో కన్నంలోంచి పొడుచుకొచ్చిన ఉబ్బు, ఆయన "చూశావా, తగ్గుతోంది" అనడం, నేను మాట్లాడకుండా దూది అందించడం. రోజూ చూసే అలవాటు పోయింది. చూడటానికి ఏముంది, కప్పేశాం కదా. తిలా పాపం తలా పిడికెడు అంటారు. నా పిడికిలి చిన్నదేం కాదు.

పదకొండూ ఇరవై రెండు. తెల్ల తలుపు తెరుచుకుంది, సహాయకురాలు బయటికొచ్చి సీసా ఏదో తీసుకొని లోపలికి పోయింది, మొహంలో ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడాన్ని రెండు మూడు రకాలుగా చదివాను. ప్రాణం పోతే అంత తొందరగా నడవరు. ప్రాణం పోతుంటే నడుస్తారు.

నిన్న సాయంత్రం అన్నం ముట్టలేదు. ఎండకి అనుకున్నాను. ఈ ఉదయం లేవనే లేదు, వీపు విల్లులా వంచి, మూలకి తిరిగి, ముట్టుకుంటే ఒక్కటే మూలుగు. ఎప్పుడూ పేపరు వాడి మీద అరిచే కుక్క పేపరు పడినా తల తిప్పలేదు. ప్లాస్టరు ఊడదీశాను. వాషర్ కన్నంలోంచి వంకాయ రంగులో ఉబ్బు, గోళీ కాదు, నిమ్మకాయ, మెరుస్తూ, ముట్టుకోకుండానే వేడి తెలుస్తోంది, ఒక వేలు ఆనిస్తే రాయి. ఆ ఒక్క క్షణంలో మూడేళ్ళ చదువూ తిరిగొచ్చింది. గట్టిపడింది, వేడెక్కింది, రంగు మారింది, లోపలికి పోదు, వాంతి. ఇరుక్కుంది. అందులో ఉన్నది ఇక కొవ్వు కాదు, పేగు, దానికి రక్తం ఆగిపోతోంది. ఇది రోజుల సంగతి కాదు, గంటలది. ఆయన వచ్చి, "ఉండు, మెల్లిగా లోపలికి తోసేస్తా," అని బొటనవేలు చాపారు. నేను ఆ చెయ్యి కొట్టాను. పదిహేడేళ్ళ కాపురంలో మొదటిసారి, అదీ చప్పుడయ్యేలా. ఆయన చేతిని చూసుకున్నారు, దానికి ఇలాంటి గతి పడుతుందని ఎవరూ చెప్పనట్టు. అత్తగారు చెంచాతో గోరువెచ్చటి పాలు తెచ్చారు, కడుపు ఖాళీగా ఉంటే మత్తు పట్టదని. నోట్లో చుక్క కూడా వెయ్యకూడదన్నాను. తర్వాత తువ్వాలు గొడవ. అంతా కలిపి నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది. నాలుగు నిమిషాల్లో మా కుటుంబం మొత్తం తన తెలివితేటలన్నీ ఆ రెండు కిలోల మీద ప్రయోగించి చూసింది.

"ఈ గుండ్రటి గుర్తు ఏంటమ్మా?" అని డాక్టరు అడిగింది. చెప్పాను. వాషర్, పంపులకి వేసేది, రెండు నెలల నుంచి అని. ఆవిడ చేతిలో టార్చి ఆగింది. నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వితే బాగుండేది. "దీనివల్లే ఇరుక్కుందని నేను చెప్పలేను. లేకపోయినా ఇరుక్కునేదేమో. కానీ ఇది ఉండబట్టి మీరు చూడలేదు," అంది. మీరు అంది. బహువచనం కాదు అది, నాకు తెలుసు, నన్నే అంది.

ఫోను. ఆయన. ఎలా ఉందని అడుగుతారేమో అన్న ఆశ నాకు ఇంకా ఎందుకుండాలో తెలియదు. "డాక్టరుకి వాషర్ సంగతి చెప్పావా?" అన్నారు. చెప్పానన్నాను. వెనక పంపు చప్పుడు. "అంత వివరంగా చెప్పాల్సిన పనేముంది? వాళ్ళకి ఏదో ఒక సాకు కావాలి, రేపు ఏమన్నా అయితే వాషర్ మీదికి తోసేస్తారు." మీరు కంగారు పడకండి, వాషర్‌కి ఏమీ కాలేదు, బాగానే ఉంది అన్నాను. వెటకారం ఆయనకి ఎప్పుడూ ఒక రోజు ఆలస్యంగా అందుతుంది. "అదే అంటున్నా," అని పెట్టేశారు.

తర్వాత వదిన. ఎవరు చెప్పారో అడగక్కర్లేదు. "అమ్మాయ్, కోత చిన్నగా పెట్టమను. పొట్ట మీద మచ్చ కనపడకూడదు. ఇంకోటి, లోపల ఇంకేమీ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పు. ఈ డాక్టర్లకి కత్తి చేతిలో ఉంటే ఊరుకోరు, అదీ ఇదీ తీసేస్తామంటారు. మొదటి ఈత నాదని గుర్తుందిగా?" పేగు నల్లబడి ఉంటే బతకదు వదినా అన్నాను. "ఛ, ఏం కాదు. మా లైను గట్టిది. దీనికి ముందు ఈతలో రెండిటికి ఇలాగే అయిందట, ఒకటి బతికింది." ఒకటి బతికింది. ఆ మాట చెప్పి, సంచిలో మహారాణి మొరుగుతోందని పెట్టేసింది. నేను ఫోను చేతిలోనే పట్టుకొని కూర్చున్నాను. రెండిటికి అయిందట. రెండు నెలల పిల్లని నా చేతిలో పెట్టినప్పుడు నాకు చెప్పలేదు. ఆ రెండో పిల్ల ఎవరి ఇంట్లోనో, ఎవరి ఒళ్ళోనో, వీపు విల్లులా వంచి చచ్చిపోయింది. వాళ్ళకీ అది తల్లి కొరుకుడని చెప్పి ఉంటుంది. వాళ్ళకీ అది ముద్ర అని చెప్పి ఉంటుంది. ఇప్పుడు గింజ బతికితే రేపు గింజకి నాలుగు, నాలుగింటికీ ఇదే, వాటిని పట్టుకొని ఇలాంటి కుర్చీల్లో ఇంకో నలుగురు. వదిన మాత్రం ఎప్పుడూ ఏ కుర్చీలోనూ కూర్చోదు.

నేను లేచి కౌంటరు దగ్గరికి వెళ్ళాను. అక్కడి అమ్మాయి పెన్ను వెనక భాగం నములుతూ ఏదో రాసుకుంటోంది. నా కాగితం ఒకసారి ఇస్తారా అన్నాను. ఇచ్చింది. రెండో గీత మీద సంతకం పెట్టాను, నమిలిన ఆ పెన్నుతోనే. "డాక్టరు గారికి చెప్తాను," అని అది పట్టుకొని లోపలికెళ్ళింది. గడియారం పదకొండూ ముప్ఫై ఏడు. కుర్చీలోకి వచ్చి పడ్డాక ఒళ్ళు తేలికైంది, ఎంత ధైర్యం చేశానా అని. పిల్లి ఆవిడ నన్ను చూసి నవ్వితే నవ్వాను కూడా. ఆ తేలిక రెండు నిమిషాలు ఉంది. ఎందుకంటే నా తల అప్పటికే ఇంటికి వెళ్ళిపోయి, మాటలు కూర్చుకుంటోంది. ఏం చేస్తాను వదినా, నేను అడిగేలోపే డాక్టరు చేసేసింది. లోపల చూస్తే అది కూడా బాగాలేదట. ప్రాణం కోసం తప్పలేదట. నేను ఎంత ఏడ్చానో. ఆ మాటలు ఎంత నున్నగా వస్తున్నాయో, ఎన్నేళ్ళ సాధన. కాలేజీలో ల్యాబు రికార్డులో కప్ప గుండెకి గీత వంకర పోయిందని మొత్తం బొమ్మ చెరిపి మళ్ళీ గీసిన పిల్లని నేను. చూసిందే గీయాలి, ఉండాల్సింది గీయకూడదు అని మా మాస్టారు అంటే నోటుబుక్కు అట్ట మీద రాసుకున్నాను. ఆ పిల్ల ఇప్పుడు ఒక కుక్క పొట్టలో దాక్కుందామని చూస్తోంది. మత్తులో ఉన్న దాని వెనక. వాళ్ళది మూర్ఖత్వం. మూర్ఖత్వానికి కనీసం నోరుంది, ఎదురుగా నిలబడి వాషర్ అంటుంది. నాది అంతకంటే హీనం. నాకు తెలుసు, తెలిసి దూది అందించాను, తెలిసి కాఫీలో పంచదార వేశాను, ఇప్పుడు తెలిసి డాక్టరు మీదికి తోస్తున్నాను. ఇంతసేపూ నేను తూకం వేసినవాళ్ళలో అందరికంటే తేలిక ఎవరో తేలింది.

పన్నెండూ రెండు. పన్నెండూ ఎనిమిది. గంట దాటితే అర్థమేమిటో బొమ్మలో కుక్క చెప్పదు. బతికితే చాలు అనుకున్నాను, తర్వాత ఆ చాలు అన్న మాట మీద కూడా అసహ్యం వేసింది. చాలు అనే కదా ఇన్నాళ్ళూ అన్నిటికీ.

పన్నెండూ పద్నాలుగుకి డాక్టరు స్వయంగా వచ్చింది, టోపీ తీస్తూ. నుదుటి మీద టోపీ గుర్తు. నేను లేచేసరికి కుర్చీల వరసంతా కదిలింది. "బతికింది," అంది ముందు. ఆవిడకి మాటల వరస తెలుసు. తర్వాత చెప్పింది. పేగు మెలిక ఒకటి ఇరుక్కుంది, ఊదారంగుకి తిరిగింది కానీ నల్లబడలేదు. కన్నం కొంచెం పెద్దది చేసి మెలిక బయటికి తీసి, వెచ్చటి సెలైన్ గుడ్డ వేసి చూస్తూ కూర్చున్నారట. పది నిమిషాలకి మెల్లిగా గులాబీ రంగు వచ్చింది. కోయాల్సిన పని పడలేదు. లోపల పెట్టి కండ కుట్టేశారు. "సాయంత్రం దాకా ఆగి ఉంటే నేను ఇంకో మాట చెప్పేదాన్ని," అంది. గులాబీ రంగు. గోడ మీద బొమ్మ వేసినవాడు అబద్ధం చెప్పలేదన్నమాట.

"రెండో సంతకం చూశాను. కానీ అది చేయలేదు," అంది డాక్టరు. "అప్పటికే చాలాసేపు మత్తులో ఉంది, పేగు నలిగి ఉంది. ఈ బరువుకి అంతకంటే ఉంచడం మంచిది కాదు. నెల పోయాక మళ్ళీ రండి. మీ ఇంట్లో అందరూ ఒప్పుకుంటేనే." చివరి మాట మామూలుగానే అంది. నాకు మాత్రం ఎవరో పట్టుకొని వెలుతురులోకి తోసినట్టు ఉంది. దాక్కోవడానికి డాక్టరు లేదు. చేసేసింది వదినా, ఏం చేయను అనడానికి లేదు. నెల రోజులుంది, నెల రోజులూ అందరూ కళ్ళు తెరుచుకొని ఉంటారు, ఆపడానికి. చెప్తే ముందే చెప్పాలి, నా నోటితో. నెల పోయాక కాదండీ, తేదీ ఇప్పుడే ఇవ్వండి అన్నాను. కౌంటరు అమ్మాయి పుస్తకం తిప్పి, పద్దెనిమిది, ఉదయం ఎనిమిది అంది. రాయించుకున్నాను.

మర్నాడు సెలవు. పొద్దున్నే గింజని ఇంటికి తెచ్చాను, మెడ చుట్టూ ప్లాస్టిక్ గిన్నెలాంటిది, కుట్లు నాకకుండా. ఆ గిన్నెతో ప్రతి తలుపుకీ తగిలి, తగిలినందుకు తలుపు మీద అరిచింది. అరిచినందుకు నాకు సంతోషం వేసింది. మధ్యాహ్నం భోజనానికి వదిన వచ్చింది, సంచి లేకుండా, ఎండగా ఉందని. నలుగురం కూర్చున్నాం. గింజ బల్ల కింద, గిన్నె ఒక్కొక్కరి కాలికీ కొట్టుకుంటోంది.

"చూశావా, లైను గట్టిదని చెప్పానా," అంది వదిన కూర వేసుకుంటూ. "ఏమాటకామాటే, వాషర్ వల్ల నిలబడింది. లేకపోతే మొన్ననే పగిలిపోయేది," అన్నారు ఆయన. "గుడ్డ కట్టి ఉంటే ఇదంతా ఉండేదే కాదు, నా మాట ఎవరు వింటారు," అన్నారు అత్తగారు. ముగ్గురూ గెలిచారు. ఆపరేషన్లో ఎవరైనా ఓడిపోయి ఉంటే అది నేనూ డాక్టరే. వదిన ఇంకో ముద్ద కలిపి, "మచ్చ మీద వెంట్రుకలు వచ్చేస్తాయిలే. ఏడాది నిండనీ, సంబంధం నేను చూస్తాను. ఒకడున్నాడు, ఆ చెవులు చూస్తే," అని చెవులు చేత్తో చూపించబోయింది.

"వచ్చే నెల పద్దెనిమిదిన గింజకి ఇంకో ఆపరేషన్ ఉంది," అన్నాను. "గర్భసంచి తీసేస్తారు. పొద్దున్న ఎనిమిదింటికి నేను తీసుకెళ్తున్నాను."

వదిన చెయ్యి చెవుల దగ్గరే ఆగింది. "డాక్టరు చెప్పిందా?" అంది.

చెప్పింది. కానీ ఆ గుమ్మంలోంచి తప్పించుకోదలుచుకోలేదు. "నేను చెప్పాను," అన్నాను.

"అదేంటే, ఆడదానికి అలా చేయించడం," అన్నారు అత్తగారు. "భోజనాలయ్యాక మాట్లాడుకుందాం," అన్నారు ఆయన పళ్ళెంలోకి చూస్తూ. మాట్లాడుకోవడానికి ఏం లేదండీ, తెలియాలని చెప్తున్నాను అన్నాను.

"ఒక్క నిమిషం," అంది వదిన. "అది నా కుక్క. నీకు పెంచుకోమని ఇచ్చాను. షరతు మీద."

"అయితే మీరే తీసుకెళ్ళండి వదినా. ఈ రాత్రి నుంచే. మందు పన్నెండు గంటలకోసారి. కుట్లు పొద్దునా సాయంత్రం చూడాలి, ఎర్రబడిందా, ఉబ్బిందా, తడిగా ఉందా అని. పది రోజులు ఎత్తు మీదికి దూకనివ్వకూడదు, మెట్లెక్కనివ్వకూడదు, ఎక్కడికైనా ఎత్తుకొనే తిరగాలి. వాంతి చేసుకుంటే ఏ వేళైనా ఆసుపత్రికి పరిగెత్తాలి. కాగితం మీద అన్నీ రాశారు, ఇమ్మంటారా?"

వదిన ఆయన వైపు చూసింది. ఆయన నీళ్ళ గ్లాసు ఎత్తి, ఖాళీగా ఉందని చూసి, అయినా తాగారు. బల్ల కింద గిన్నె వదిన పాదానికి కొట్టుకుంది. వదిన కాళ్ళు కుర్చీ కిందికి లాక్కుంది.

"పద్దెనిమిది," అన్నాను మళ్ళీ. "ఆ పూట వంట ఎవరైనా చూసుకోండి."